పచ్చి తిండి, మధ్యాహ్నం నీరసం

వండనివి మాత్రమే తినడం మొదలుపెట్టాక, మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒంట్లో సత్తువంతా ఎవరో పిండేసినట్టు ఉంటోంది. నాలుగు మెట్లెక్కితే కాళ్లు వణుకుతున్నాయి. ఎవరినడిగినా ఒకటే మాట: "విషాలు బయటికి పోతున్నాయి, ఓర్చుకో." నాకైతే ఇది మింగుడుపడలేదు. కాలేయం, మూత్రపిండాలు ఆ పని రోజూ చేస్తూనే ఉంటాయి కదా, మన సలాడ్ కోసం కాచుక్కూర్చోవు!

అసలు సంగతి కేలరీల దగ్గరుంది. 100 గ్రాముల కీరదోసలో ఉండేవి సుమారు 15. పెద్ద గిన్నెడు నమిలితే కడుపు నిండుతుంది, దవడలు నొప్పి పుడతాయి, ఓపిక మాత్రం రాదు. అదే 100 గ్రాముల బాదంలో 570 పైనే. అందుకే ఇప్పుడు గిన్నెలో ముందు అరటిపండు, ఖర్జూరం, నానబెట్టిన గింజలు పడుతున్నాయి. ఆకులు ఆ తర్వాతే. మూడు గంటల నీరసం చాలావరకు తగ్గింది.

నీరసంతోపాటు తలనొప్పి కూడా పట్టుకుంది, దానిది వేరే కథ. అది కాఫీ ఒక్కసారిగా ఆపినందుకు. 12 నుంచి 24 గంటల్లో మొదలై కొన్ని రోజులు వేధిస్తుంది. మెల్లగా తగ్గిస్తూ మానడమే మేలు (ఇంట్లోవాళ్లకి కూడా, నా విసుగు భరించలేక).

అన్నట్టు, మొక్కల తిండిలో విటమిన్ బీ12ని నమ్ముకోవడానికి లేదు, మాత్ర వేసుకోవాల్సిందే. వారాలు గడిచినా నీరసం వదలకపోతే డాక్టర్‌ని కలిసి రక్తపరీక్ష చేయించుకోండి.

నేనైతే ప్రస్తుతానికి రాత్రిపూట వేడివేడిగా ఉడికిన కూర తింటున్నా. ఎవరేమనుకున్నా సరే.