రాయి వయసు ఇసుక చెబుతుంది

ఎండాకాలం మాకు బిల్డింగ్ పని, చలికాలం తవ్వకం పని. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం. ఆ నెలల్లో ఎడారిలో తవ్వకం ఊసే ఎత్తరు. గాలి చల్లబడ్డాక షార్జా పురావస్తు శాఖ వాళ్ళతో కలిసి తవ్వడానికి జర్మనీ నుంచి సార్లు, మేడమ్‌లు వస్తారు. అప్పుడు మా కాంట్రాక్టరు తవ్వేవాళ్ళను పంపుతాడు. జీతంలో తేడా ఏమీ లేదు. అయినా పేర్లు రాసుకునే రోజు నేను ముందు నిలబడతాను.

మేం వెళ్ళేది జబల్ ఫాయా. షార్జా నుంచి లోపలికి గంట లోపు ప్రయాణం. ఇసుక మధ్యలో పొడుగ్గా పడుకున్న సున్నపురాయి కొండ. దాని ఈశాన్యం కొసన రాతి చూరు కింద ఒక తావు ఉంది. పై పొరల్లో ఇనుప యుగం, కంచు యుగం, కొత్త రాతి యుగం ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఇంకా కిందికి పోతే పాత రాతి యుగం పనిముట్లు. ఆ కింది పొరల్లో ఒకదానికి దాదాపు 1,25,000 ఏళ్ళు అని 2011లో ప్రపంచానికి చెప్పారు. మనిషి ఆఫ్రికా దాటి ఎప్పుడు బయటికొచ్చాడన్న లెక్కనే కదిలించిన సంఖ్య అది. అంతకుముందు చాలామంది ఆ ప్రయాణాన్ని 60,000 ఏళ్ళ దగ్గర పెట్టుకున్నారు. 2025లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పార పట్టే పని తక్కువ. తాపీతో, బ్రష్‌తో మన్ను గీకడం, బకెట్‌కు ఎత్తడం, జల్లెడ పట్టడం. చెక్కిన రాయి బయటపడితే దాన్ని తాకకుండా కేక వేయాలి. టోటల్ స్టేషన్ తెచ్చి అది ఉన్న చోటు, లోతు కొలిచి రాసుకున్నాకే తీస్తారు. రోడ్ల సర్వేలో చూసిన అదే మిషన్.

జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడికి ఇది అర్థం కాలేదు. "రాయి రాయే గదా అన్నా, జర ఎత్తి పక్కన పెడితే ఏమైతది?" అన్నాడు.

"ఎత్తినావంటే దాని వయసు పోతాది తమ్ముడూ" అన్నాను.

నిజంగానే పోతుంది. ఆ రాయి భూమిలో లక్షల, కోట్ల ఏళ్ళ నాడే పుట్టింది. దాన్ని మనిషి ఎప్పుడు చెక్కాడో రాయి మాత్రం చెప్పలేదు. పక్కన బొగ్గు దొరికితే కార్బన్ 14 లెక్క వేస్తారు. చెట్టైనా జంతువైనా చచ్చాక అందులోని కార్బన్ 14 ప్రతి 5,730 ఏళ్ళకు సగమవుతూ పోతుంది. పై పొరలకు అది చాలు. సుమారు 50,000 ఏళ్ళు దాటితే కొలవడానికి మిగిలేది లేదు. కాబట్టి కింది పొరల వయసు ఇసుకనే అడగాలి.

ఇది మాకు సార్ ఇంగ్లీషులో చెబితే కేరళ ఫోర్‌మన్ హిందీలో చెప్పాడు. చుట్టూ ఉన్న మన్నులో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటాయి. వాటి రేడియేషన్ తగిలి ఇసుక రేణువులో శక్తి పోగవుతుంది. ఎండ తగిలితే అదంతా పోయి సున్నా అవుతుంది. పైన మన్ను కప్పేసి చీకటి పడితే మళ్ళీ మొదలు. మా ఊళ్ళో చెలమ తోడేస్తే మళ్ళీ ఊరినట్టే. ఎంత ఊరిందో తెలిసి, ఏడాదికి ఎంత ఊరుతుందో తెలిస్తే, ఎప్పుడు తోడారో చెప్పొచ్చు. ల్యాబ్‌లో ఆ రేణువుల మీద వెలుగు వేస్తే అవి పోగేసుకున్న శక్తిని మినుకుమినుకుమని వదులుతాయి. ఆ వెలుగును కొలిచి, ఏడాదికి అందే రేడియేషన్‌తో భాగిస్తే, ఇసుక చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్ళయిందో వస్తుంది. లక్ష ఏళ్ళ వయసుకు పదివేల ఏళ్ళు అటో ఇటో కావచ్చు. మన్నులో తేమ ఎంతుందో తప్పు లెక్కేసినా అంకె మారిపోతుంది, అందుకే తేమకూ విడిగా మన్ను తీస్తారు.

నమూనా తీసే రోజంటే నాకు ఎంతో ఇష్టం. తవ్విన గుంత గోడను తాపీతో నున్నగా కోస్తాం. రెండు మొనలూ తెరిచున్న గొట్టాన్ని గోడలోకి సుత్తితో దించి, బయటికి తీయగానే మూతలు బిగించి నల్లటి ప్లాస్టిక్ చుట్టి టేపు వేస్తారు. గొట్టం కొసల్లో వెలుగు తగిలిన ఇసుకను వయసు కట్టడానికి వాడరు. లోపలి ఇసుకను మసక ఎర్ర లైటు కిందే తెరుస్తారు. లక్ష ఏళ్ళు చీకట్లో ఉన్నదానికి ఒక్క ఎండపొడ తగిలితే చెప్పేది చెరిగిపోతుంది. గొట్టం పట్టుకున్నప్పుడు నా చేతులు ఎంత జాగ్రత్తగా ఉంటాయో! కాంక్రీటు పనిలో ఎవరూ నన్ను అంత నమ్మకంగా ఏదీ పట్టుకోమనలేదు.

మాది బనగానపల్లె వైపు. జుర్రేరు లోయలో జ్వాలాపురం మాకు దగ్గరే. అక్కడ నేలలో తెల్లటి బూడిద పొర ఉంది. సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు 2,500 కిలోమీటర్లు దాటి వచ్చి పడింది. పేలుడు జరిగి సుమారు 74,000 ఏళ్ళు. ఈ అంకె బూడిదతో పాటు వచ్చిన స్ఫటికాల్లో పొటాషియం నుంచి పుట్టిన ఆర్గాన్‌ను కొలిచి కట్టింది. ఆ పొర కిందా రాతి పనిముట్లే, పైనా రాతి పనిముట్లే, రెండూ చాలావరకు ఒకే తీరు. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా అక్కడ మనుషులు బతికారని 2007లో రాశారు. పొర పైనా కిందా ఉన్న మన్నుకు వయసు కట్టింది కూడా ఈ ఎండ లెక్కతోనే. ఎముకలు దొరకలేదు కాబట్టి ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులా, వేరే జాతా అన్న వాదన నడుస్తూనే ఉంది.

ఆ బూడిదను గిన్నెలు తోమే పొడికి తవ్వి అమ్ముతారు. మా నాయనా ఒకప్పుడు ఆ కూలికి పోయినాడు. మొన్న ఫోన్లో అడిగాను.

"నాయనా, బూడిద తవ్వేటప్పుడు చెక్కిన రాళ్ళేమన్నా కనబడ్నాయా?"

"కనబడకేం రా. తట్టలో పడితే ఏరి అవతల పారేస్తాంటిమి. రాయుంటే కొనేవోడు తీసుకోడు గదా."

ఆయన తప్పేం లేదు. తట్టకింత అని కూలి. ఆ రాయి ఉన్న చోటుకు విలువ ఉందని ఆయనకు ఎవరు చెప్పారు? నాకైనా దేశం దాటి వచ్చి, ఇంకో దేశం వాళ్ళ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాకే తెలిసింది. ఇక్కడ మేం ఒక పొరను వేలెడు లోతు దించడానికి రోజంతా పడుతుంది. అక్కడ ఒక్క పూటలో ట్రాక్టర్లు నిండుతాయి. తలుచుకుంటే కడుపులో దేవినట్టుంటుంది.

మా తమ్ముడు ఆ చుట్టుపక్కలే ట్రాక్టర్ తోలుతాడు. బూడిద గుంతల్లో చెక్కిన రాయి కనబడితే తాకొద్దనీ, ఉన్న చోటే ఫోటో తీసి, ఏ గుంతో, గోడలో ఎంత లోతునో రాసి పురావస్తు శాఖ వాళ్ళకు చెప్పాలనీ చెప్పాను. "చెప్తే దుడ్లేమన్నా ఇస్తారా అన్నా?" అని అడిగాడు. ఇవ్వరన్నాను. అయినా చెప్పమన్నాను.