మోడల్ రైళ్ల ప్రదర్శనలో నెమ్మదిగా నడిచే బండి

మోడల్ రైళ్ల ప్రదర్శనకు వెళ్లినప్పుడు జనం ఎక్కువగా గుమిగూడేది పొడవాటి ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగకుండా చుట్టు తిరిగే పెద్ద లేఅవుట్ (పట్టాలు, ఇళ్లు, చుట్టూ దృశ్యాలతో పేర్చిన నమూనా) దగ్గర. పిల్లలున్నచోట అది సహజమే, కాదనడానికి నేనెవరిని? అయితే ఇంట్లో సొంతంగా పట్టాలు పరచి, వైర్లు అతికి, ఇంజిన్లు విప్పి బిగించినవాళ్లు మాత్రం హాలులో ఒక మూలన, బల్లంత కూడా లేని షంటింగ్ యార్డు (వ్యాగన్లను అటూ ఇటూ జరిపి బండ్లుగా కూర్చే చోటు) ముందు నిలబడి కనిపిస్తారు. ఈసారి నేను కూడా ఎక్కువ సమయం అక్కడే గడిపాను. ఎందుకంటే ఒక లేఅవుట్ ఎంత శ్రద్ధగా తయారైందో వేగంగా పోయే బండి చెప్పదు, కదులుతోందా లేదా అన్నట్టు పోయే బండి చెబుతుంది.

ముందుగా వేగం సంగతి చూద్దాం. అన్నిటికన్నా ఎక్కువ ప్రచారంలో ఉన్న హెచ్‌ఓ స్కేలులో అసలు రైలుకు 87వ వంతు నమూనా తయారవుతుంది. దూరాన్ని తగ్గించినట్టే వేగాన్నీ అదే నిష్పత్తిలో తగ్గిస్తే, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే బండి నమూనా పట్టాల మీద సెకనుకు సుమారు 32 సెంటీమీటర్లు మాత్రమే కదలాలి. యార్డులో గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వ్యాగన్లను జరిపే ఇంజినైతే సెకనుకు సెంటీమీటరున్నర కంటే కాస్త ఎక్కువ దూరం పోతే చాలు. పెద్ద లేఅవుట్‌ల మీద సెకనుకు మీటరు చొప్పున దూసుకుపోయే ఆవిరి ఇంజిన్లను ఈ లెక్కలో పెడితే అవి గంటకు 300 కిలోమీటర్లు దాటి పరుగెడుతున్నట్టు! చూడటానికి సరదాగానే ఉంటుంది కానీ, అది రైలులా అనిపించకపోవడానికి కారణం ఇదే.

నెమ్మదిగా నడపడం ఎందుకంత కష్టమో ఈ పనిలో చేయి పెట్టినవాళ్లకు తెలుసు. ఇంజినుకు కావలసిన కరెంటు పట్టాల నుంచి చక్రాల ద్వారానే అందాలి, చక్రం పట్టాను తాకే చోటు సూదిమొనంతే ఉంటుంది. అక్కడ కాస్త మురికి చేరినా కరెంటు తెగుతుంది. వేగంగా పోయే బండి ఆ ఊపుతోనే మురికిని దాటేస్తుంది, నెమ్మదిగా పోయేది అక్కడే ఆగిపోతుంది. బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పాయింట్ల దగ్గర రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్క కొన్ని రకాల్లో ప్లాస్టిక్‌తో చేసి ఉంటుంది కనుక అక్కడ కరెంటే ఉండదు, నాలుగు చక్రాల పొట్టి షంటింగ్ ఇంజిన్లు సరిగ్గా దాని మీదికి వచ్చి మొరాయిస్తాయి. ఆ ముక్కను లోహంతో చేసి, పాయింటు మారినప్పుడల్లా దానికి చేరే కరెంటు కూడా మారేలా కలిపితే సమస్య చాలావరకు తీరుతుంది. డిజిటల్ పద్ధతిలో నడిచే ఇంజిన్లలోనైతే ఆదేశాలు అందుకుని మోటారును నడిపే డీకోడర్‌కు తోడుగా, కాస్త కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్ పెట్టి, క్షణకాలం కరెంటు తెగినా బండి ఆగకుండా చూసుకుంటున్నారు.

నేను చూస్తున్న యార్డును నడిపిస్తున్న పెద్దాయన మధ్యలో బండి ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డను పట్టాల మీద అడ్డంగా పరిచారు. ఇంజినులో సగం చక్రాలను గుడ్డ మీద, మిగతా సగాన్ని పట్టాల మీద ఉంచి, చేత్తో కదలకుండా పట్టుకుని కరెంటు ఇచ్చారు. చక్రాలు అక్కడికక్కడే తిరుగుతుంటే గుడ్డ మీద రెండు నల్లటి చారలు తేలాయి. తరువాత ఇంజినును అటుదిటు తిప్పి మిగతా చక్రాలనూ అలాగే తుడిచారు. నిమిషం పట్టని ఆ పని పూర్తయ్యాక అదే ఇంజిను పాయింట్ల మీదుగా ఎక్కడా తడబడకుండా పాకింది.

ప్రదర్శనల్లో పెద్ద లేఅవుట్‌లు చాలావరకు ఒక్కొక్కరు ఇంటి దగ్గర తయారుచేసి తెచ్చిన ముక్కలను కలిపి కట్టినవే. వీటిని మాడ్యూళ్లు అంటారు. ఒకరి ముక్క పక్కన మరొకరిది సరిగ్గా కూర్చోవాలంటే పట్టాల దూరం, ఎత్తు, వైర్ల అమరిక ముందే ఒప్పుకుని ఉండాలి. వేర్వేరు తయారీదారుల బండ్లు ఒకే పట్టాల మీద కలిసి నడవాలన్న అవసరంతోనే అమెరికాలో 1935లో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఏర్పడి, చక్రాల కొలతల వంటి వాటికి ప్రమాణాలు నిర్ణయించింది. ఇంత చేసినా రెండు మాడ్యూళ్లు కలిసే అతుకు దగ్గర వెంట్రుకవాసి ఎత్తు తేడా వస్తే తేలికైన వ్యాగన్ పట్టా దిగుతుంది. అందుకే నేను బండిని కాక అతుకులనే గమనిస్తాను. ముఖ్యంగా ఇంజిను వెనకనుంచి తోస్తున్న వ్యాగన్లు అతుకును దాటే తీరు చూస్తే ఆ బృందం పనితనం తెలిసిపోతుంది.

బ్రిటిష్ నమూనాల బల్ల దగ్గర ఎదురుగా వంగి చూస్తే ఇంజిన్ల కాళ్లు దగ్గరగా పెట్టినట్టు కనిపిస్తాయి. అక్కడి ఓఓ స్కేలులో బండి 76వ వంతు ఉంటుంది, పట్టాల మధ్య దూరం మాత్రం హెచ్‌ఓలో ఉన్నట్టే 16.5 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం అది దాదాపు 18.8 ఉండాలి. బ్రిటిష్ ఇంజిన్లు చిన్నవి కావడంతో ఆనాటి మోటార్లు 87వ వంతు బొమ్మలో పట్టక, పట్టాలను అలాగే ఉంచి బండిని పెంచారు. ఆ రాజీ ఇప్పటికీ కొనసాగుతోంది.

దృశ్యాల విషయంలో నాకు నచ్చినది ఒక్కటే చెబుతాను. స్టాటిక్ విద్యుత్తుతో నిలబెట్టిన గడ్డి, దీపాలు వెలిగే ఇళ్లు ఇప్పుడు దాదాపు అందరి దగ్గరా ఉన్నాయి. కానీ ఆ యార్డులో పట్టాల పక్క భాగాలకు తుప్పు రంగు వేసి, పైభాగాన్ని మాత్రం మెరిసేలా వదిలారు. ఇంజిన్లు ఆగే చోట కంకర నూనె మరకలతో నల్లబడి ఉంది, కొంచెం దూరం పోతే మళ్లీ బూడిద రంగులోకి తేలింది. ఖరీదైన ఇంజిను కన్నా ఈ రంగు పనే లేఅవుట్‌ను ఎక్కువగా మారుస్తుందని నా అభిప్రాయం.

చివరన వాడిన సరుకు అమ్మే బల్లలు. పెట్టె విప్పని పాత ఇంజిను అంటే చాలామంది మోజు పడతారు కానీ, ఏళ్ల తరబడి కదలని ఇంజినులో గ్రీజు గట్టిపడి గేర్లు బిగుసుకుపోయి ఉండవచ్చు. అమ్మేవారి దగ్గర పరీక్షించే పట్టా ఉంటే, బండిని పరుగెత్తించమని కాకుండా అతి నెమ్మదిగా ముందుకూ వెనక్కూ నడిపించమని అడగడం మంచిది. వంకరపోయిన ఇరుసు, విరిగిన గేరు పన్ను ఉంటే ప్రతి చుట్టుకూ ఒకసారి తడబాటుగా బయటపడతాయి. నేను ఇంజిన్లేమీ తీసుకోలేదు. పాత వ్యాగన్లకున్న ప్లాస్టిక్ చక్రాలు మార్చడానికి లోహపు చక్రాల జతలు కొన్ని కొన్నాను, అమర్చేముందు ప్రతి జతలో చక్రాల మధ్య దూరాన్ని గేజి అనే కొలత పరికరంతో చూసుకోవాలి.