శ్రీకాళహస్తి బోర్డు

నా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి వాచకం తెరవగానే తల దించుకునేవాడు. గుణింతాలు వచ్చు, ఒత్తు దగ్గర ఆగిపోతాడు. మొండివాడనుకున్నాను. తప్పు నాదే. పద్యాలు అప్పజెప్పమన్నానే గానీ చదవగలడా అని చూడలేదు.

మొన్న తిరుపతి బస్టాండులో కనిపించాడు. వాళ్ల అవ్వకు బోర్డులు చదివి చెబుతున్నాడు: పుత్తూరు, చంద్రగిరి, శ్రీకాళహస్తి. ఎక్కడా తడబాటు లేదు! (అక్షరాలు చదివాడో, బోర్డు రూపాన్ని గుర్తుపట్టాడో మరి.)

మర్నాడు ఆ పేర్లే నల్లబల్ల మీద విడగొట్టి రాశాను. పుత్తూరులో తకు త ఒత్తు, చంద్రగిరిలో దకు ర ఒత్తు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు, మూడూ శివుణ్ణి కొలిచాయని స్థలపురాణం చెప్పాను. అక్కణ్ణుంచి ధూర్జటి దగ్గరికి వెళ్లాం. రాయల ఆస్థానకవిగా పేరు పొంది, రాజసేవను ఈసడిస్తూ ఆ ఊరి స్వామికి శతకం చెప్పినవాడని తెలిసి వాడి కళ్లు పెద్దవయ్యాయి. పద్యం ఒక పాదం కూడబలుక్కుని చదివాడు, చెమటలు పట్టాయి.

రేపు రేణిగుంట కూడా రాయమన్నాడు. అందులో ఒత్తే లేదు కదరా అన్నాను.

"సున్నా ఉంది కదా సార్!"