తంగేడును కోసుకోవడమేనా, నాటొద్దా?

బతుకమ్మ దగ్గరపడితే హన్మకొండలో తంగేడు పూల కట్టలు కొనుక్కోవడం ఇప్పుడు మామూలైపోయింది. కొనడం తప్పని నేననను, ఊళ్ల నుంచి తెల్లారకముందే కోసుకొచ్చేవాళ్లకు నాలుగు పైసలొస్తాయి. కానీ చెలక ఒడ్ల మీద, గుట్టల కింద ఎవరూ నాటకుండానే పెరిగిన పొద అది, ఒడ్లన్నీ ట్రాక్టర్లతో చదునైపోయి కంచె భూములు ఇళ్ల ప్లాట్ల వెంచర్లయ్యాక ఇంకెక్కడ మొలవాలి? 2014లో రాష్ట్ర పుష్పం చేసుకున్నాం, సంతోషమే. బంతి నారు పోసినట్టు తంగేడు పెట్టేవాళ్లు మాత్రం నాకు పెద్దగా కనబడరు.

పెట్టడం కష్టమేం కాదు. గింజ దగ్గరే అసలు సంగతంతా ఉంది. కాయలు చెట్టు మీదే గోధుమ రంగుకు తిరిగి గలగలమనేదాకా ఆగి తెంపండి. గింజ పైపొర చాలా గట్టిది, నీళ్లను లోపలికి పోనివ్వదు, అట్లాగే మట్టిలో వేస్తే కొన్ని మొలుస్తాయి, మిగతావి ఎప్పుడో మొలుస్తాయి, చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు. నీళ్లు కాచి, పొయ్యి మీద నుంచి దించి, కాసేపాగి అందులో గింజలు వేసి రాత్రంతా నానబెట్టండి. పొద్దునకు ఉబ్బినవి విత్తండి, ఉబ్బనివాటిని లోపలి పప్పుకు తగలకుండా సాండ్‌పేపర్ మీద కొంచెం రుద్ది మళ్లీ నానబెట్టండి.

కవర్లలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి మొక్కలు పెంచొచ్చు, కానీ దీని తల్లివేరు లోతుకు పోయే రకం, కవర్లో ఎక్కువ కాలం ఉంటే చుట్టుకుపోతుంది. అందుకే తొలకరి పడ్డాక ఒడ్డు మీదే గుంటకు మూడు నాలుగు గింజలు వేయడం మేలంటాను. ఎండ బాగా పడాలి, నీళ్లు నిలవొద్దు. అంతే.

పూలు కొమ్మల కొసలకు గుత్తులుగా వస్తాయి కాబట్టి పండుగకు కొసలు తుంచితే నష్టం లేదు, పక్క కొమ్మలేస్తుంది. మొదలుకు నరకొద్దు, కొన్ని గుత్తులు కాయలకు వదలండి. ఈ పువ్వులో తేనె ఉండదు, ఉన్నదల్లా పుప్పొడే, అదీ కేసరాల కొసనున్న సన్నటి రంధ్రాల్లోంచి రాలాలి. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లంతా అదిరిస్తేనే రాలుతుంది. నిలబడి చూడండి, చాలా బాగుంటుంది. లేత పసుపు సీతాకోకచిలుకలు ఆకుల మీద గుడ్లు పెడతాయి, పురుగులు ఆకు తింటున్నాయని టెన్షన్ పడి మందు కొట్టకండి, మళ్లీ చిగురేస్తుంది.

రైతులకు ఇంకో మాట. చిక్కుడు జాతిదే అయినా జనుము, జీలుగల్లాగా దీని వేళ్లకు గాలిలోని నత్రజనిని పట్టే బుడిపెలు రావు. అయినా తంగేడు రొట్ట, అంటే ఆకూ లేత కొమ్మలూ, కోసి పొలం దమ్ము చేసేటప్పుడు ఎరువుగా బురదలో తొక్కించడం మన దగ్గర పాత పద్ధతే, చౌడు పొలాలకు మరీ మంచిది. ఒడ్డు మీద వరుసగా పెడితే రొట్టా పూలూ రెండూ దొరుకుతాయి.

నర్సరీలో కొనేటట్టయితే చూసి తెచ్చుకోండి. రోడ్ల పక్కన పెంచే సీమ తంగేడు కూడా పసుపుపచ్చగానే పూస్తుంది, కానీ అది బయటి నుంచి వచ్చిన పెద్ద చెట్టు. మన తంగేడు మనిషెత్తు పొద, ఆకు కాడ మొదట్లో చెవి ఆకారంలో చిన్న రేకులుంటాయి, వాటిని చూసి గుర్తుపట్టొచ్చు.