గేద్ కథలో గేద్ ఏడీ?

యానిమేషన్ సినిమాలు తీసే స్టూడియో ఘిబ్లి 2006 జులై 29న జపాన్‌లో విడుదల చేసిన సినిమా పేరు ‘గేదో సెన్కి’. అంటే గేద్ యుద్ధగాథ. ఇంగ్లిష్‌లో ‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’ అన్నారు. తీరా చూస్తే సినిమాలో యుద్ధమూ లేదు, గేద్ కూడా పక్కపాత్రే. పైగా ‘గేద్’ అనేది ఆ మాంత్రికుడి అసలు పేరు. ప్రాణం అప్పగించేంత నమ్మకం ఉంటే తప్ప ఎవరికీ చెప్పకూడనిది. దాన్ని తీసుకెళ్ళి పోస్టర్ మీద అచ్చేశారు! ఈ తప్పు సినిమా వాళ్ళది కాదులెండి. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ ‘ఎర్త్‌సీ’ నవలల జపనీస్ అనువాదానికి అప్పటికే ఆ పేరు ఉంది.

ఈ పేర్ల సంగతి తెలియకుండా కూర్చుంటే రెండు గంటల సినిమా సగం అర్థం కాదు. మన ఇళ్ళల్లో పిలుపు పేరు ఒకటి, అసలు పేరు ఒకటి ఉన్నట్టే ఎర్త్‌సీ దీవుల్లోనూ అందరికీ రెండు పేర్లు. కాకపోతే మన దగ్గర అసలు పేరు కాగితాల మీద ఉంటుంది, పిలుపు పేరు ఇంట్లో ఉంటుంది. అక్కడ ఊరంతా పిలిచేది వాడుక పేరుతోనే, అసలు పేరు గుండెల్లో దాచుకోవాలి. ఎందుకంటే దేని అసలు పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది. అక్కడి మంత్రవిద్య అంతా ఇదే. గాలి అసలు పేరు తెలిసినవాడే గాలిని తిప్పగలడు. సినిమా మొదటి సీనులో తుపానులో చిక్కిన ఓడ మీద మాంత్రికుడు గాలి పేరు గుర్తురాక తెల్లమొహం వేస్తాడు చూడండి, లోకం ఎంత చెడిందో చెప్పడానికి ఆ ఒక్క ముక్క చాలు. గేద్ వాడుక పేరు స్పారోహాక్, అంటే చిన్న జాతి డేగ. యువరాజు అర్రెన్ అసలు పేరు లెబన్నెన్. తెర్రు అనే పిల్ల అసలు పేరు తెహాను. ఈ మూడు జతలూ గుర్తుపెట్టుకోండి.

ఇక కథ ఎక్కడెక్కడి నుంచి తెచ్చారో చూద్దాం. వెన్నెముక మూడో నవల ‘ది ఫార్దెస్ట్ షోర్’ది (1972): మంత్రాలు పనిచేయకపోవడం, గేద్‌తో యువరాజు ప్రయాణం, హోర్ట్ టౌన్ అనే రేవు పట్నం, చావుకీ బతుక్కీ మధ్య తలుపు తెరిచిన మాంత్రికుడు కోబ్. పల్లెటూరి ఇల్లు, ఆ ఇంటావిడ తెనార్, కాలిన మచ్చ ఉన్న తెర్రు నాలుగో నవల ‘తెహాను’ (1990) నుంచి వచ్చారు. వెంటాడే నీడ మొదటి నవలది (1968). బానిసల బండ్లు, జంతువు మీద ఒంటరిగా పోయే రాకుమారుడు మాత్రం ఎర్త్‌సీవి కావు. అవి దర్శకుడు గోరో మియజాకి తండ్రి, ఘిబ్లి ప్రసిద్ధ దర్శకుడు హయావో మియజాకి 1983లో గీసిన బొమ్మల కథ ‘షునా నో తాబి’ నుంచి వచ్చాయి. టైటిల్స్‌లోనే దానికి మూలంగా పేరు వేశారు.

నాలుగు చోట్ల సరుకు 115 నిమిషాల్లో కలపడం అసాధ్యమేమీ కాదు. చెడింది అతుకుల దగ్గరే.

మొదటి అతుకు నీడ. నవలలో కుర్రవాడైన గేద్ పొగరుతో చేయకూడని మంత్రం చేసి ఓ చీకటి నీడని లోకంలోకి వదులుతాడు. దాన్నుంచి పారిపోయి పారిపోయి, చివరికి ఎదురు తిరిగి, దాన్ని తన పేరుతోనే పిలిచి తనలో కలుపుకుంటాడు. ఒకే మనిషి చేసిన తప్పు, ఆ మనిషే తీర్చుకున్నాడు. సినిమా ఆ నీడని తెచ్చి అర్రెన్‌కి తగిలించింది, అదీ తిరగేసి. అతన్ని వెంటాడేది అతనిలోని మంచి సగం. మరి కుర్రాడు రెండు ముక్కలెందుకయ్యాడు? చెప్పరు. మొదట్లోనే తండ్రిని కత్తితో పొడిచి పారిపోతాడు. మూడో నవలలో ఇలాంటిదేమీ లేదు, అక్కడ అర్రెన్ తండ్రి పంపగా వార్త మోసుకుని గేద్ దగ్గరికొస్తాడు. ఇంత పెద్ద హత్యకి కారణం చాలాసేపటికి గానీ చెప్పరు, అప్పుడు చెప్పినదీ నిలబడదు. లె గ్విన్ కూడా ఈ చోటే వేలు పెట్టి చూపించింది.

రెండోది తెర్రు. పుస్తకంలో ఆమె చిన్నపిల్ల. సొంతవాళ్ళే మంటల్లోకి తోశారు. ముఖం సగం కరిగిపోయింది, ఒక కన్ను లేదు, ఒక చెయ్యి ముడుచుకుపోయి గోళ్ళ పంజాలా మిగిలింది. ఆమెని చూసినవాళ్ళు కళ్ళు తిప్పుకుంటారు, నవల బాధ అంతా ఆ కళ్ళు తిప్పుకోవడంలో ఉంది. సినిమాలో అర్రెన్ ఈడు పిల్లకి ఒక కంటి చుట్టూ ఎర్రటి మచ్చ పెట్టి సరిపెట్టారు. ఆఖర్న ఆమె డ్రాగన్‌గా మారడానికి దారి ముందే వేశామని వాళ్ళ లెక్క: మనుషులూ డ్రాగన్లూ ఒకప్పుడు ఒకే జాతి అని రాజుగారి కొలువులోని మాంత్రికుడు మొదట్లో ఓ మాట అంటాడు. అంతే. ఆ వాక్యం జారవిడిస్తే ముగింపు ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటుంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం కోబ్ దగ్గర జరిగింది. నవలలో కోబ్‌ని ఎవరో వచ్చి చంపేస్తే కథ తీరదు. అతను తెరిచిన తలుపు మూయాలి, దానికి గేద్ తన మంత్రశక్తి మొత్తం, చివరి బొట్టు దాకా ధారపోయాలి. ఆ తర్వాత అతను మామూలు మనిషే. పైగా కోబ్‌లో చావంటే ఆ భయం పుట్టడంలో గేద్ చేతికీ వాటా ఉంది. వయసులో ఉండగా బుద్ధి చెబుదామని అతన్ని బలవంతంగా మృతుల లోకం దాకా ఈడ్చుకెళ్ళింది గేదే. సినిమాలో కోట, విలన్, తెగిన చెయ్యి, డ్రాగన్ నిప్పు, కోబ్ బూడిద. గేద్ చెల్లించిన మూల్యం ఏదీ లేదు. చెడంతా ఒక్కడి మీద పోసి తగలబెట్టేస్తే ఎర్త్‌సీకీ మిగతా వంద ఫాంటసీలకీ తేడా ఏముంటుంది?

అలాగని తీసి పారేసే సినిమా కాదు. గోరో అంతకుముందు తోటలు, పార్కులు డిజైన్ చేసిన మనిషి, మితాకాలోని ఘిబ్లి మ్యూజియం నడిపాడు. దర్శకుడిగా ఇదే మొదటిది. మనుషుల కదలికల్లో ఆ అనుభవలేమి కనిపిస్తుంది, కట్టడాల్లో మాత్రం కాదు. హోర్ట్ టౌన్ చూడండి: పాత వైభవం మీద పాకలు వేసుకున్న ఊరు. ఆ బజారులో మంత్రాలు వదిలేసి గుడ్డలమ్ముకునే ఆవిడ ఉంటుంది. ఆ సీను లోకం పరిస్థితిని కోబ్ ప్రసంగాలన్నిటికంటే బాగా చెబుతుంది. తెనార్ ఇంటి దగ్గర పొలం దున్నడం, నీళ్ళు తోడడం, పశువుల్ని కట్టేయడం లె గ్విన్‌కీ నచ్చాయి. తెర్రు గడ్డిమైదానంలో వాద్యమేదీ లేకుండా పాడే పాట కోసమైనా ఒకసారి చూడాలి. పాడింది తెర్రుకి గొంతిచ్చిన తెషిమా ఆఓయ్, రాసింది గోరోనే.

ఒరలోంచి రాని కత్తి కూడా బాగా కుదిరింది. మంత్రం వేసిన ఆ కత్తిని అర్రెన్ దూయలేడు. తెర్రు తన అసలు పేరు చెప్పి, అతని అసలు పేరు పలికాకే అది ఊడి వస్తుంది. పేర్ల సూత్రాన్ని సినిమా సరిగ్గా వాడుకున్నది ఇక్కడే.

తెర వెనక కథ ఇదీ. 1980లలో ఈ నవలల్ని సినిమా తీస్తానని హయావో అడిగితే, అతనెవరో తెలియని లె గ్విన్ ఒప్పుకోలేదు. తర్వాత అతను తీసిన ‘తొతోరో’ చూసి మనసు మార్చుకుంది. ఆమె ఇవ్వాలనుకున్నది తండ్రికి, సినిమా చేసింది కొడుకు. చూశాక గోరోతో ‘ఇది నా పుస్తకం కాదు, మీ సినిమా, మంచి సినిమా’ అని మర్యాదగా అని, ఆ తర్వాత తన అభ్యంతరాలన్నీ విడిగా రాసింది. ఎర్త్‌సీ జనంలో ఎక్కువమంది ఎర్రటి గోధుమ రంగు, నలుపు ఒళ్ళవాళ్ళు. ఆ రంగు తెర మీద పలచబడింది. జపాన్‌లో 765 కోట్ల యెన్‌లకు పైగా వసూలై, ఆ ఏడాది జపనీస్ సినిమాల్లో మొదటి స్థానం వచ్చింది. అమెరికాలో అంతకుముందే ఒక టీవీ సిరీస్ వాళ్ళ దగ్గర హక్కులుండటంతో అక్కడ 2010 దాకా విడుదలే కాలేదు.

చూసేవాళ్ళకి: జపనీస్ ఆడియో పెట్టుకోండి, గేద్‌కి గొంతిచ్చిన సుగవారా బున్తా కోసం. సబ్‌టైటిల్స్‌లో ఏ పేరు ఎవరి ముందు పలుకుతున్నారో గమనించండి, కథ అందులోనే నడుస్తుంది. పుస్తకాలు చదివే ఉద్దేశం ఉంటే మొదటి మూడూ, ‘తెహాను’ కూడా ముందే చదివేయండి, సినిమా ఆ తర్వాత. లేకపోతే తెర్రు ముఖం ఊహించుకోకముందే ఆ ఎర్ర మచ్చ కళ్ళలో పడిపోతుంది. ఇంకోటి, సినిమా ఇంగ్లిష్ పేరుతోనే 2001లో లె గ్విన్ కథల పుస్తకం ఒకటి వచ్చింది. సినిమా కథ అనుకుని అది కొనేరు. అందులో ఐదు కథలున్నాయి, ఈ కథ మాత్రం లేదు.