సెలవుల్లో రాని కడుపునొప్పి

మావాడికి కడుపునొప్పి నిజంగానే వచ్చేది. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మా ఊళ్లో సగం మంది వాడు బడి ఎగ్గొట్టడానికి నాటకాలు ఆడుతున్నాడని తేల్చేశారు, మిగతా సగం దిష్టి తగిలిందన్నారు. నాటకమన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు. నొప్పి అని అబద్ధం చెప్పొచ్చు, మంచం మీద మెలికలు తిరగొచ్చు, కానీ అరచేతులు చల్లబడి చెమట పట్టడం, పెదాలు పాలిపోవడం ఎవరికి వాళ్లు కావాలని తెప్పించుకోగలిగేవి కావు కదా.

మాది భీమవరానికీ పాలకొల్లుకీ మధ్య, వీరవాసరం దగ్గర ఒక ఊరు. వనామీ రొయ్యల చెరువులు చేస్తాను. తెల్లవారుజామునే నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, రొయ్య తేలితే ఆ టైములోనే తేలుతుంది, అందుకని నేను చీకటితోనే లేచి గట్టు మీదకి పోయేవాణ్ని. నేను ఇంటికొచ్చేసరికి స్కూలు బస్సు వెళ్లిపోయి ఉండేది. అంటే ఆ పొద్దుల గొడవంతా మా ఆవిడ ఒక్కతే పడేది.

ఇదంతా మొదలైంది వాడు 8వ తరగతిలో ఉండగా, వర్షాకాలంలో. వైరల్ జ్వరం వచ్చి తగ్గింది, నీరసం ఇంకా పోలేదు, యూనిట్ టెస్టులున్నాయని బడికెళ్లాడు. బస్సులో వాంతి చేసుకున్నాడు, అదీ పక్క పిల్లాడి బ్యాగు మీద. వెనక సీట్లో కుర్రాళ్లు ఆ పూటే వాడికో పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. ఈ సంగతి వాడు మాకు చెప్పనే లేదు. అప్పటికి మాకు తెలిసిందల్లా పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు, టిఫిన్ ముట్టుకోవడం లేదు, అంతే.

మధ్యలో ఒకట్రెండు రోజులు చెరువు పని మానుకుని ఇంట్లో ఉండి చూశాను. బస్సు హారన్ కాలవ వంతెన దగ్గర వినపడేసరికి వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఒక కాలికి సాక్సు ఉంది, రెండోది గుప్పిట్లో నలుపుతున్నాడు. నోట్లో నీళ్లూరుతుంటే మాటిమాటికీ పక్కకి ఉమ్ముతున్నాడు. "అమ్మా, వచ్చేస్తుందే, ఇప్పుడు వచ్చేస్తుంది" అంటాడు. రాదు. వాంతీ రాదు, వచ్చేస్తుందన్న భయమూ పోదు. బస్సు ఆగి, హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. అరగంటలో వాడి మొహానికి రంగు తిరిగొచ్చింది, పదింటికల్లా ఆవకాయ అన్నం పెట్టమన్నాడు. ఇదిగో, ఈ ఆవకాయ అన్నం చూసే చుట్టాలందరూ "వీపు మీద రెండేస్తే అదే పోతుందిరా" అనేది.

వైద్యం మాత్రం బాగానే చేయించాం. ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ బిళ్లలిచ్చాడు, నులిపురుగుల మందు వేయించాడు. మా అమ్మ వాము నీళ్లు పట్టించి, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. తర్వాత ఒక ల్యాబులో రక్తం తీసి విడాల్ టెస్టు చేసి టైఫాయిడ్ అన్నారు, యాంటీబయాటిక్ కోర్సు మొదలైంది, దాంతో ఉన్న వికారానికి విరేచనాలు కూడా తోడయ్యాయి. జ్వరం లేకుండా టైఫాయిడ్ ఏంటని అడగాలని అప్పుడు మాకు తట్టలేదు. విడాల్ అన్నది రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికీ, వేరే ఇన్‌ఫెక్షన్లకీ కూడా అది పాజిటివ్ చూపిస్తుందట, ఒక్కసారి చేసిన విడాల్ చూసి టైఫాయిడ్ అని చెప్పకూడదట, బ్లడ్ కల్చర్ చేయాలట. మా వైపు చిన్న ఊళ్లలో ఏ పిల్లాడు నలతగా ఉన్నా ఈ టైఫాయిడ్ ముద్ర పడిపోతూనే ఉంటుంది. ఆ తర్వాత స్కానింగ్. పేగుల దగ్గర గ్రంథులు కాస్త వాచాయని రిపోర్టు వస్తే మా ఆవిడ ఆ రాత్రి నిద్రపోలేదు. చాలామంది పిల్లలకి స్కాన్‌లో అవి అలా కనపడతాయనీ, ఎక్కువసార్లు కంగారు పడాల్సిన పని ఉండదనీ భీమవరంలో పిల్లల డాక్టరు గారు చెప్పాకే ఊపిరి పీల్చుకున్నాం.

ఆ డాక్టరు గారు రిపోర్టులు పక్కన పెట్టి చాలాసేపు ప్రశ్నలే అడిగారు. బరువు తగ్గాడా? నొప్పికి అర్ధరాత్రి నిద్రలోంచి లేస్తున్నాడా? విరేచనంలో రక్తం పడుతోందా? వాంతి ఆకుపచ్చగా వచ్చిందా? జ్వరం వచ్చిపోతూ ఉందా, కీళ్లు నొప్పులా, ఎత్తు పెరగడం ఆగిందా? నొప్పి బొడ్డు చుట్టూనా, ఒక పక్కనా? వీటిలో ఏది ఉన్నా ఇంకా లోతుగా పరీక్షలు చేయాల్సిందేనన్నారు. వాడికి అవేవీ లేవు, నొప్పి బొడ్డు చుట్టూనే. చివర్లో అడిగారు, "సెలవుల్లో వస్తుందా?" అని. అప్పుడే సంక్రాంతి వెళ్లింది. పండగ నాలుగు రోజులూ వాడు ఊరంతా తిరిగాడు, అరిసెలు తిన్నాడు, రోడ్డు మీద బజ్జీలు తిన్నాడు, కడుపు మాటే ఎత్తలేదు. సెలవులు అయిపోయే ముందు రాత్రి మళ్లీ మొదలైంది. చుట్టాలు దేన్ని చూసి నాటకం అన్నారో, డాక్టరు గారు దాన్ని చూసే జబ్బేంటో చెప్పారు.

"నొప్పి నిజమే బాబూ, నేను నమ్ముతున్నాను. పేగులో మాత్రం జబ్బు లేదు. భయం నీ కడుపులో పని చేస్తోంది" అన్నారు వాడితో. కడుపుకి సొంతంగా పెద్ద నరాల వల ఉంటుంది, మెదడుకీ దానికీ ఎప్పుడూ కబుర్లు నడుస్తూనే ఉంటాయి. భయం వేయగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, కడుపు తన పని నెమ్మది చేసేస్తుంది, వికారం పుడుతుంది, పేగులు పట్టేస్తాయి. వాంతి వస్తుందేమోనని ఖాళీ కడుపుతో ఉంటే ఆ ఆమ్లానికి వికారం ఇంకా ఎక్కువవుతుంది. అది విన్నాక మావాడు తల వంచుకుని బస్సు సంగతంతా చెప్పాడు. చెప్తున్నంతసేపూ కుర్చీ చెయ్యి గోటితో గీరుతూనే ఉన్నాడు.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లమని రాసిచ్చారు. ఇంట్లో మళ్లీ యుద్ధం. "పసోణ్ని పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా" అని మా అమ్మ ఏడుపు. ఆ రాత్రి చెరువు మీద మోటారు షెడ్డులో కూర్చుని 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోతలో నా మాట సరిగ్గా వినపడక ఆ అమ్మాయి రెండుసార్లు అడగాల్సొచ్చింది పాపం. ఓపిగ్గా విని, ఇది పిల్లల్లో మామూలుగా కనపడే ఆందోళనేననీ, బడికి దూరమైన కొద్దీ తిరిగి వెళ్లడం కష్టమవుతుందనీ, ఆలస్యం చేయొద్దనీ చెప్పింది. మర్నాడు స్పీకర్ పెట్టి మా అమ్మతో కూడా మాట్లాడించాను. అమ్మ పూర్తిగా ఒప్పుకోలేదు గానీ ఏడుపైతే ఆపింది.

సైకియాట్రిస్టు గారి దగ్గర ఒక సైకాలజిస్టు ఉన్నారు, అసలు పనంతా ఆయనతోనే. ఆయన మాకు చెప్పింది నాకు వెంటనే తలకెక్కింది, ఎందుకంటే మేత షాపులో అప్పు రాయించుకునేవాణ్ని కదా. మానేసిన ప్రతి రోజూ వడ్డీకి తెచ్చిన అప్పు లాంటిదండీ, ఆ పూటకి హాయిగా ఉంటుంది, రేపటికి బరువు పెరుగుతుంది అన్నారు. నొప్పి తగ్గాక బడికి పంపుదాం అనుకుంటే అది ఎప్పటికీ తగ్గదు, నొప్పితోనే కొంచెం కొంచెంగా వెళ్తుంటే అప్పుడు తగ్గుతుంది. అలాగని ఈడ్చుకెళ్లి బస్సులో పడేయమని కాదు. వాడి చేతే ఒక నిచ్చెన గీయించారు, ఏది ఎంత భయమో పదికి మార్కులు వేయించారు. యూనిఫాం వేసుకుని కూర్చోవడం రెండు. బస్సు ఆగే చోట నిలబడటం నాలుగు. నా బండి మీద వెళ్లి రెండు పీరియడ్లు కూర్చుని రావడం ఆరు. స్కూలు బస్సు ఎక్కడం పది, దాని పక్కన ఇంకో సున్నా పెట్టి వందన్నాడు వెధవ. కింది మెట్టు మీద భయం సగానికి దిగేదాకా పైమెట్టు ఎక్కకూడదు.

పొద్దున పూటకి కూడా ఆయన పద్ధతులు పెట్టారు. వాటిలో అన్నిటికంటే పని చేసింది, "ఎలా ఉందిరా కడుపు?" అని అడగడం మానేయడం. మా ఆవిడకి ఇది ప్రాణం మీదకొచ్చింది, తల్లి కదా, అడక్కుండా ఎలా ఉంటుంది? కానీ అడిగిన ప్రతిసారీ వాడు కడుపులోకి వెతుక్కుంటాడు, వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. జ్వరం 100.4 దాటినా, నిజంగా వాంతో విరేచనమో అయినా ఇంట్లో ఉండొచ్చు, లేకపోతే వెళ్లాలి, ఇది రాత్రే మాట్లాడేసుకోవాలి, పొద్దున బేరాలు లేవు. ఇంట్లో ఉన్న రోజు బడి వదిలే టైము దాకా ఫోనూ టీవీ లేకుండా మంచం మీదే. పొద్దున రెండు ముద్దలైనా తినాలి, ఇడ్లీ నచ్చకపోతే అరటిపండు. వికారం వచ్చినప్పుడు ఊపిరి మామూలుగా తీసుకుని, నెమ్మదిగా, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలడం. ఇంకోటి, పొద్దున పంపే మనిషిని మార్చమన్నారు. అమ్మ కంగారు చూసి వాడికీ, వాడి కంగారు చూసి అమ్మకీ పెరుగుతోందని. చెరువు మీద తెల్లవారుజాము చూడటానికి కుర్రాణ్ని పెట్టాను, జీతం బరువే అయ్యింది ఆ పంటకి, అయినా పొద్దున డ్యూటీ నాది.

స్కూలు వాళ్లని ఒప్పించడం నేననుకున్నంత కష్టం కాలేదు. డాక్టరు గారు రాసిచ్చిన కాగితం చూపించి మూడే అడిగాం. మొదట్లో రెండు పీరియడ్లకే వస్తాడు, తలుపు పక్క సీటు ఇవ్వండి, బయటికెళ్లాలంటే అందరి ముందూ చెయ్యెత్తి అడక్కుండా వెళ్లనివ్వండి. ఒక లెక్కల మాస్టారు మాత్రం "ఇంతకాలానికి దర్శనమిచ్చారా దొరగారు" అని క్లాసులో అనడంతో వారం వెనక్కి పోయింది. ఆ ముక్క వెళ్లి చెప్పాక మళ్లీ అనలేదు. మార్చిలో ఒంటిపూట బడులు రావడం కలిసొచ్చింది, పన్నెండున్నరకల్లా ఇల్లు అనేసరికి వాడికి ధైర్యం.

వేసవి సెలవులే అసలు గండం అన్నారు సైకాలజిస్టు. హాయిగా ఉన్నాడు కదా అని వదిలేస్తే జూన్ 12న మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ఎండల్లో ఇద్దరం ఆర్టీసీ బస్సెక్కి నర్సాపురం దాకా వెళ్లి, గోదారి గట్టు మీద నిమ్మసోడా తాగి వచ్చేవాళ్లం. మొదట్లో కిటికీ ఊచ పట్టుకుని ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. తర్వాత తర్వాత వీరవాసరంలో ఎవరెక్కారో, కండక్టరుకి చిల్లర ఎంతివ్వాలో వాడే చూసుకున్నాడు.

9వ తరగతి బాగానే మొదలై దసరా సెలవుల తర్వాత మళ్లీ ఆగింది. అప్పుడు సైకియాట్రిస్టు గారు సెర్ట్రలిన్ అని ఆందోళన తగ్గించే మందు చిన్న డోసులో మొదలుపెట్టారు. నిద్రమాత్ర కాదు, అలవాటు పడిపోయే మందు కాదు, పని చూపించడానికి కొన్ని వారాలు పడుతుంది అన్నారు. మొదటి రోజుల్లో ఈ మందుకే కాస్త వికారం రావచ్చని వాడికి ముందే చెప్పారు. వాంతి అంటేనే భయపడే పిల్లాడికి అది చెప్పకుండా ఇచ్చి ఉంటే రెండో రోజే మాత్ర ఊసేసేవాడు. మాకు వేరే జాగ్రత్త చెప్పారు: మొదట్లో పిల్లాడు మరీ అసహనంగా ఉన్నా, చచ్చిపోతాననే మాట ఏదైనా అన్నా వెంటనే ఫోన్ చేయండి, మీ అంతట మీరు ఒక్కసారిగా మందు ఆపేయకండి అని. అలాంటిదేమీ రాలేదు. సంక్రాంతి దాటేసరికి మళ్లీ స్కూలు బస్సు మెట్టు మీద ఉన్నాడు, ఫిబ్రవరిలో ఎక్కాడు. ముందు సీట్లో, డ్రైవరు వెనక.

పదో తరగతిలో ఒకరోజు, ముందు రాత్రి పెళ్లి భోజనం అరక్క, నిజంగానే బస్సులో వాంతి చేసుకున్నాడు. డ్రైవరు ఆపాడు, కాలవ నీళ్లతో మొహం కడిగించాడు. ఎవరో నవ్వారట, ఇంకెవడో వాటర్ బాటిల్ ఇచ్చాడట. నేను ఫోన్ వచ్చి పరిగెత్తుకెళ్లేసరికి "నువ్వెందుకొచ్చావు నాన్నా, షర్టు తెచ్చావా?" అని అడిగాడు. షర్టు నేను తేలేదు. పీఈటీ సారు టీషర్టు ఏదో ఇస్తే అదేసుకుని సాయంత్రం దాకా ఉండి వచ్చాడు.

ఇప్పుడు పరీక్షలు అయిపోయాయి, మందు మెల్లగా తగ్గిస్తున్నారు. కొత్త పంచాయితీ ఇంటర్ గురించి. మా తోడల్లుడు గారు విజయవాడలో హాస్టల్లో వేసేయమంటున్నారు, వాళ్లబ్బాయి అక్కడే చదివాడు. మా ఆవిడ భీమవరం దాటనివ్వనంటోంది. డాక్టరు గారేమో ఇది మీరిద్దరూ కాదు, వాడు తేల్చుకోవాలి, కావాలంటే దానికీ నిచ్చెన గీద్దాం అన్నారు. వాణ్ని అడిగితే రిజల్ట్స్ రానివ్వండి చెప్తానంటున్నాడు.