పెట్టె గ్రామఫోన్‌కు మళ్ళీ గొంతు: హెచ్‌ఎంవీ 102 బాగుచేసే పద్ధతి

పాత సామాన్ల బజారులో ఇత్తడి కొమ్ముతో ధగధగలాడే గ్రామఫోన్ కనిపిస్తే కొమ్మును కాదు, కింద పెట్టె విప్పించి లోపల చూడండి. కొమ్ము కొత్తది, చెక్క కొత్తది, కుక్కబొమ్మ కొత్తది. మోటారు, ముల్లు కదలికను శబ్దంగా మార్చే సౌండ్‌బాక్సు మాత్రం చాలాసార్లు ఏదో పోర్టబుల్ (చేత్తో మోసుకెళ్ళే పెట్టె గ్రామఫోన్) నుంచి ఊడబీకినవే. హాల్లో అలంకారంగా పెట్టుకునే ఆ నకిలీ ఒక్కటి తయారవడానికి చక్కగా పాడగల పెట్టె ఒకటి ఖాళీ అయిపోతుంది. అందుకే అన్ని భాగాలూ ఉన్న పోర్టబుల్ దొరికితే, ఎంత దుమ్ముపట్టినా సరే, దాన్నే కొనమంటాను.

మన దేశంలో తరచూ దొరికేవాటిలో హెచ్‌ఎంవీ 102 ముఖ్యమైనది. అంతకుముందున్న 101 తర్వాత 1931లో వచ్చింది. కరెంటు అక్కర్లేదు, కీ ఇస్తే స్ప్రింగుతో తిరుగుతుంది. కొమ్ము పెట్టె లోపలే మెలికలు తిరిగి వెనకవైపు తెరుచుకుంటుంది. అక్కణ్ణించి వచ్చే శబ్దం తెరిచిన మూతకు తగిలి మన వైపు మళ్ళుతుంది. మూత దించేసి వినేవాళ్ళకు సగం పాట అందదు.

కొనేముందు నాలుగు చూడాలి. కీ ఉందా? కీకి మర ఉంటుంది, వేరే మిషను కీ పట్టకపోవచ్చు. ఎంత తిప్పినా బిగువు రాకపోతే స్ప్రింగు తెగింది, లేదా కొక్కెం నుంచి ఊడింది. బిగువు ఉండి, రికార్డు ప్లేటును మోసే పళ్ళెం కదలకపోతే గ్రీజు గడ్డకట్టింది, లేదా వేగాన్ని అదుపు చేసే గవర్నర్ పట్టేసింది. ఇలాంటప్పుడు బలవంతంగా ఇంకో రెండు చుట్లు తిప్పితే ఉన్న స్ప్రింగూ పోతుంది. కీ వదలగానే వెనక్కి తన్నితే దాన్ని వెనక్కి తిరగకుండా ఆపే చిన్న పట్టీ అరిగింది. ఇవన్నీ బాగయ్యేవే. సౌండ్‌బాక్సు వెనక భాగం పగిలిపోయి ఉంటే మాత్రం బేరం సగానికి దించండి. అది జింకు కలిసిన పోతలోహం, ఏళ్ళు గడిచేకొద్దీ దానంతటదే ఉబ్బి చిట్లుతుంది. అతికించినా నిలవదు.

మోటారు విప్పేముందు స్ప్రింగు బిగువు పూర్తిగా దించాలి. బ్రేకు తీసి, పళ్ళెం దానంతటది ఆగేదాకా తిరగనివ్వండి. బిగువు ఉండగా గవర్నర్ విప్పారో, అడ్డూ ఆపూ లేక చక్రాలన్నీ ఒక్కసారిగా తిరిగి పళ్ళు రాలిపోతాయి. ఈ పొరపాటుకు మందు లేదు. తర్వాత కీ విప్పి, పళ్ళెం తీసి, బోర్డు మీది స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రం గుర్తుతో కాగితానికి గుచ్చిపెట్టుకోండి.

పాట మధ్యలో పెట్టె లోపల "ధబ్" మని చప్పుడై వేగం ఉలిక్కిపడుతుంటే స్ప్రింగు డబ్బా విప్పక తప్పదు. లోపలి గ్రాఫైట్ గ్రీజు మైనంలా ఎండి, చుట్లు ఒకదానికొకటి అంటుకుని, ఒక్కసారిగా జారడం వల్ల వచ్చే చప్పుడది. మందపాటి తోలు చేతితొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. డబ్బాను బకెట్‌లో ఉంచి, గోనెసంచి కప్పి, నడిమి నుంచి ఒక్కో చుట్టు వదులుతూ స్ప్రింగు బయటికి తీయాలి. తొందరపడితే వేళ్ళు తెగుతాయి. కిరసనాయిలులో నానబెట్టి, గుడ్డతో పొడిగా తుడిచి, రెండు చివర్లలోని రంధ్రాల చుట్టూ పగుళ్ళున్నాయేమో వెలుతురులో చూడండి. స్ప్రింగు ఎక్కువగా తెగేది అక్కడే. బయటి చివర కొద్దిగా తెగితే ఆ కొసను మాత్రం ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లారనిచ్చి, కొత్త రంధ్రం వేసుకోవచ్చు. నాలుగైదు సెంటీమీటర్లు పోయినా పాడే సమయంలో తేడా తెలియదు. మధ్యలో తెగినదాన్ని రివెట్ కొట్టి అతకడం దండగ, వెడల్పు, మందం, పొడవు కొలిచి కొత్తది తెప్పించుకోండి. మళ్ళీ ఎక్కించేటప్పుడు గ్రాఫైట్ గ్రీజు చుట్టు చుట్టుకూ పలచగా రాయాలి. డబ్బా నిండా కూరితే వేసవిలో కారి పెట్టంతా పాకుతుంది.

కొబ్బరినూనె వేయకండి. ఇంట్లో ఉంది కదా అని చాలా మిషన్లలో పోశారు, ఆ జిగురు ఇప్పటికీ కనిపిస్తుంది. చలికాలంలో గడ్డకడుతుంది, ఏళ్ళ తరబడి ఉంటే బంకవుతుంది. బేరింగులకు కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క, పళ్ళచక్రాలకు, గవర్నర్ కడ్డీ మీది మరలాంటి పురికి కాస్త గ్రీజు చాలు.

గవర్నర్‌లో మూడు బరువులు మూడు పల్చటి పట్టీల మీద ఉంటాయి. వేగం పెరిగితే బరువులు బయటికి విచ్చుకుంటాయి, చక్రం ముందుకు జరిగి తోలుముక్కకు రాసుకుంటుంది, వేగం తగ్గుతుంది. తోలు ఎండితే కీచుమంటుంది, పాట వణుకుతుంది. అక్కడ ఒక చుక్క నూనె పడాలి. ఒక పట్టీ విరిగితే మూడూ మార్చండి. మందం తేడా ఉంటే బరువులు సమంగా విచ్చుకోవు, మోటారు గడగడలాడుతుంది. గవర్నర్ కడ్డీ రెండు కొసలూ నిలిచే బేరింగులను విప్పేముందు గీత గీసి గుర్తుపెట్టుకోవాలి. అవి కాస్త తిరిగినా పురి, చక్రం కలిసే లోతు మారిపోతుంది. బిగించాక కడ్డీని వేలితో అటూ ఇటూ జరిపితే వెంట్రుకవాసి కదలాలి. అసలు కదలకపోతే మోటారు బరువుగా తిరుగుతుంది.

వేగం నిమిషానికి 78 చుట్లకు సరిచేయడానికి 77 గీతల స్ట్రోబ్ కాగితం (గుండ్రంగా గీతలు గీసినది, వేగం సరిగా ఉంటే గీతలు నిలబడి కనిపిస్తాయి) ముద్రించుకుని ప్లేటు మీద పెట్టండి. మన 50 సైకిళ్ళ కరెంటుకు ఆ లెక్క సరిపోతుంది. వెలుగు పాత చోకు ట్యూబులైటుదో, నియాన్ బల్బుదో కావాలి. చాలా ఎల్‌ఈడీ దీపాల కింద గీతలు నిలబడి కనిపించవు. కాగితం లేకపోతే పళ్ళెం అంచున చిన్న చీటీ అంటించి అర నిమిషంలో 39 చుట్లు లెక్కపెట్టండి. ఏ పద్ధతైనా ముల్లు ప్లేటు మీద ఉండగానే చూడాలి, ఎందుకంటే ముల్లు బరువుకు వేగం తగ్గుతుంది. ఆ తర్వాత హార్మోనియంతో పాడిన పద్యం ప్లేటు ఒకటి వేసి వినండి. రాగం తీసే చోట హార్మోనియం శ్రుతి పట్టుకుని నిలబడుతుంది కాబట్టి కొద్దిపాటి వణుకూ చెవికి దొరికిపోతుంది. 78 బదులు 74 తిరిగితే శ్రుతి దాదాపు అర్ధస్వరం దిగిపోతుంది. పద్యనాటకం ప్లేట్లు వినేవాళ్ళకు అది భరించరాని తేడా.

సౌండ్‌బాక్సు దగ్గర ఓపిక కావాలి. దీంట్లో పల్చటి అల్యూమినియం పొర రెండు రబ్బరు గొట్టపు చుట్ల మధ్య కూర్చుని ఉంటుంది. రబ్బరు రాయిలా గట్టిపడితే పెద్ద స్వరాల దగ్గర గరగరలాడుతుంది. పాత రబ్బరును గోటితో, పుల్లతో గీకి తీయండి, స్క్రూడ్రైవర్ జారితే పొరకు సొట్ట పడుతుంది. అదే మందంలో మెత్తటి సిలికాన్ గొట్టం కొని, కొసలు ఏటవాలుగా కోసి, సందు లేకుండా కలిపి కూర్చోబెట్టండి. పొర మధ్య సన్నటి స్క్రూ చుట్టూ గాలి పోకుండా ఒక చుక్క తేనెమైనం కరిగించి వేయాలి. ముల్లు పట్టే కడ్డీ ఇరుసును మాత్రం అవసరం లేకుండా విప్పకండి. కొన్ని రకాల్లో ఆవగింజంతేసి ఇనుప గుండ్లుంటాయి, కింద పడితే దొరకవు. సౌండ్‌బాక్సు దాన్ని మోసే గొట్టపు చేతికి (టోన్ఆర్మ్) తగిలే చోటి రబ్బరు కూడా మార్చాలి. అక్కడ గాలి పోతే మంద్రస్థాయి మొత్తం పోయి గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్లుంటుంది.

ముల్లు ఒక వైపుకు ఒకటే. పాత ప్లేటు లక్కలో రాతిపొడి లాంటి గరుకు కలిపేవారు, అది ముల్లును అరగదీసి గాడికి సరిపోయేలా చేస్తుంది. మూడు నిమిషాల పాట ముగిసేసరికి ముల్లు కొసకు పలకలు పడతాయి. అదే ముల్లు రెండో వైపు వేస్తే ఆ పలకల అంచులు గాడిని చెక్కేస్తాయి. ముళ్ళు 200 ఉండే డబ్బాల్లో వచ్చేది ఇందుకే. కుట్టుసూది, గుండుసూది పెట్టకండి. వినైల్ ప్లేటు దీని మీద ఒక్కసారి వేసినా నాశనమే. లక్క ప్లేట్లను స్పిరిట్‌తో తుడవకూడదు, లక్క కరుగుతుంది. గోరువెచ్చని నీళ్ళలో చుక్క సబ్బు, మెత్తటి బ్రష్షు, లేబులు తడవకుండా జాగ్రత్త, అంతే.

పెట్టె సంగతి తేలికే. వర్షాకాలం తేమకు పొరలు విడిన ప్లైవుడ్‌లోకి ఫెవికాల్ సన్నగా ఎక్కించి, క్లాంపులు బిగించి ఒక రోజు ఉంచండి. నల్ల రెక్సిన్‌కు బూటు పాలిష్ చాలు. కొత్త రెక్సిన్ వేయించడం నాకు నచ్చదు, అసలు బట్ట చిరిగినా దాన్నే అంటించండి. చెదలు పట్టిన చెక్క మాత్రం ఇంట్లోకి తేకముందే చూసుకోవాలి.

వినడం అయ్యాక స్ప్రింగు బిగువుతో వదిలేయకుండా ఖాళీగా తిరగనిచ్చి దించేయండి. ఇక మోటారు లేని ఖాళీ పెట్టె ఎక్కడైనా చవకగా దొరికితే వదలకండి. పాట పలక్క పక్కన పడేసిన నకిలీ కొమ్ము గ్రామఫోన్ అమ్మకానికి వచ్చినప్పుడు దాని మోటారు తీసి ఈ పెట్టెలో పెట్టి చూడండి. స్క్రూల రంధ్రాలు, కీ రంధ్రం కలిస్తే అది బయల్దేరిన చోటికే తిరిగి వచ్చినట్లు.